వాడొద్దు వీధి

ఎంచుకునే స్వేచ్ఛ పౌరుడి జన్మహక్కు. వేటిలోంచి ఎంచుకోవాలో తేల్చుకునే శ్రమను మాత్రం పౌరుడి నెత్తిన పెట్టకూడదు. ఈ ఉదాత్తమైన ఆలోచనతోనే మా ఊరి నీటి సరఫరా సంస్థ జాబితాల విభాగాన్ని స్థాపించింది. (నీటి విభాగం అంతకు ముందే ఉంది. అయితే దానికి నీళ్ళతోనే పని కాబట్టి, సిబ్బందికి ఎండాకాలంలో చేతినిండా పని ఉండేది కాదు.)

పూర్వం పద్ధతి మరీ మోటుగా ఉండేది. సంస్థ వరండాలో ఒక కిటికీ. కిటికీ వెనక ఒక గుమాస్తా. కుళాయి ఎండిపోయినవాళ్ళు వెళ్ళి వీధి పేరు అరిస్తే, ఆయన తలెత్తకుండానే, "ఆ మలుపులో పసుపు గేటు పక్కిల్లేగా?" అని చీటీ రాసేవాడు. సాయంత్రానికి ట్యాంకర్ వచ్చేది. ఈ పద్ధతిలో ఒక ఘోరమైన లోపం ఉన్నట్టు సంస్థ కనిపెట్టింది. గుమాస్తాకి ఊరంతా తెలుసు. ఒక్క మనిషికి ఊరంతా తెలిసి ఉండటం పారదర్శకతకు విరుద్ధం. గుమాస్తాకి పదవీ విరమణ ఇచ్చి, కిటికీకి మేకులు కొట్టి, ఆ స్థానంలో ఒక వెబ్ పేజీ పెట్టారు.

పేజీ అందంగా ఉంది. అందులో ఒకదాని కింద ఒకటిగా పెట్టెలు. పై పెట్టె నొక్కితే జోన్ల లిస్టు జారుతుంది. జోన్ ఎంచుకునేదాకా రెండో పెట్టె బూడిదరంగులో నిద్రపోతుంది. ఎంచుకోగానే పేజీ లోపలికి వెళ్ళి డేటాబేస్‌ని అడుగుతుంది, డేటాబేస్ ఆ జోన్‌లోని వీధులన్నీ తెచ్చి రెండో పెట్టెలో పోస్తుంది. వీధి ఎంచుకుంటే ఇళ్ళు వస్తాయి. ఇల్లు ఎంచుకుంటే కష్టాల లిస్టు వస్తుంది. ఒక్క అక్షరం రాసే పని లేదు. రాయనిస్తే జనం ఏమైనా రాస్తారని జాబితాల అధికారి భయం.

జాబితాల అధికారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాడు. ఎవరి మీదా ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆయన బల్ల మీద కాగితం ముక్క ఉండదు, రెండు తెరలుంటాయి. ఒక తెర మీద ఊరు ఉంటుంది. రెండో తెర మీద టైము ఉంటుంది. ఆయన ఉద్యోగంలో చేరిన రోజునే ఒక నియమం రాసి గోడకు తగిలించాడు: లిస్టులో లేనిది ఊళ్ళో లేదు, లిస్టులో ఉన్నది ఊళ్ళో ఉన్నట్టే.

ఈ నియమం రెండో సగాన్ని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

గడియారం సందులో ఒక లాండ్రీ ఉంది. దాన్ని నడిపే ఆవిడను ఊరంతా లాండ్రీ అక్క అంటారు. ఆవిడ భర్త పొద్దస్తమానం ఇస్త్రీ బల్ల దగ్గరే ఉంటాడు కనుక ఆయన ఇస్త్రీ బావ. ఊళ్ళోని పెద్దాసుపత్రి దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు పైపు పగలగొట్టి, దాని మీదే రోడ్డు వేసి వెళ్ళిపోయాక సందులో కుళాయిలు ఎండిపోయాయి. లాండ్రీలో మరకల దుప్పట్లు కిటికీ ఎత్తుకి పేరుకున్నాయి.

ఆసుపత్రి హెడ్ నర్సు స్వయంగా వచ్చింది. ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని ఆ గుట్టను చూసింది.

"అక్కా, నీ పనికి వంక పెట్టను. కానీ రోగుల్ని వట్టి పరుపుల మీద పడుకోబెడుతున్నాను. ఈ వారం చూస్తాను. తర్వాత ఊరవతల మిషను లాండ్రీకి ఇచ్చేస్తాను. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోవడానికి కూడా నోట్లో తడి లేదమ్మా," అంది లాండ్రీ అక్క.

ఆసుపత్రి పోతే లాండ్రీ లేదు. గడియారం సందులో మిగిలినవాళ్ళు పండక్కో పెళ్ళికో తప్ప బట్టలివ్వరు. ఆవిడ ఫోన్ తీసింది. జోన్ ఎంచుకుంది, సందు ఎంచుకుంది, ఇల్లు ఎంచుకుంది, కష్టాల్లో 'నీళ్ళు లేవు' ఎంచుకుంది. 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది' అని వచ్చింది. మర్నాడూ పరిశీలనలోనే ఉంది. ఆ మర్నాడు ఆవిడ అధికారి గదికి వెళ్ళింది.

"సార్, పరిశీలనలో ఉంది అంటే ఏంటి సార్?"

"మర్చిపోలేదని అర్థం అమ్మా."

"మరి నీళ్ళెప్పుడొస్తాయి?"

ఆయన తెర వైపు తిరిగి, ఓపికగా పై నుంచి కింది దాకా వెతికాడు. "ఆ ప్రశ్న లిస్టులో లేదమ్మా."

"లిస్టులో లేకపోతే ఏం సార్, నేను అడుగుతున్నాను కదా. మీ ఎదురుగానే ఉన్నాను కదా."

"ఉన్నారు," అని ఒప్పుకున్నాడు అధికారి. ఆయన నిజాయితీపరుడు. "కానీ ఎంపిక కాలేదు."

ఆవిడ ఇంటికొచ్చి బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. ఇస్త్రీ బావ ఫోన్ అందుకున్నాడు. ఇస్త్రీ చేసేవాళ్ళకు ఒక గుణం ఉంటుంది, ఏదైనా అంచు దాకా తోయనిదే చెయ్యి ఆగదు. వీధుల లిస్టును ఆయన వేలితో అంచు దాకా తోశాడు. అన్ని వీధులూ అయిపోయాక, అట్టడుగున ఇంకొకటి కనిపించింది.

"ఏమే, ఇదెక్కడి వీధి? 'టెస్ట్ వీధి, వాడొద్దు' అని ఉంది."

"వాడొద్దంటే వదిలెయ్."

"మనం ఎవరు వద్దన్నది మానాం కనక?" అని ఆయన దాన్ని నొక్కి, కష్టాల్లో మళ్ళీ 'నీళ్ళు లేవు' నొక్కాడు.

ఇక్కడ కథ ఆపి ప్రోగ్రామర్ల గురించి కొంచెం చెప్పాలి.

పేజీ రాసిన కుర్రాడు తెలివైనవాడు. ఊళ్ళోని వీధులన్నీ ఎక్కించే ముందు, లిస్టులు సరిగా జారుతున్నాయో లేదో చూసుకోవాలి. దానికి అందరు ప్రోగ్రామర్లూ చేసేదే అతనూ చేశాడు. ఒక ఉత్తుత్తి వీధిని పుట్టించాడు. ఎవరూ పొరపాటున వాడకుండా దాని పేరులోనే 'వాడొద్దు' అని పెట్టాడు. పనంతా అయ్యాక తీసేద్దామనుకున్నాడు. (పనంతా అవడం అనేది ఆ వృత్తిలో ఇంతవరకు ఎవరికీ జరగలేదు.) మామూలు వీధి నుంచి వచ్చే అభ్యర్థనను ముగ్గురు అధికారులు ఆమోదించాలి. పరీక్ష చేసుకుంటూ ముగ్గురు అధికారుల్ని మాటిమాటికీ లేపడం బాగుండదని, ఈ వీధికి మాత్రం ఏది అడిగినా దానంతటదే ఆమోదం అయ్యేట్టు రాశాడు. చివరికి డేటాబేస్ ఈ వీధి ఎక్కడుందో చెప్పమంది. గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు. అప్పుడతను భోజనాల బల్ల దగ్గర కూర్చుని పని చేస్తున్నాడు. 'నేనున్న చోటే' అనే బటన్ నొక్కాడు.

ఆ భోజనాల బల్ల అతని అత్తగారిది.

ఇస్త్రీ బావ నొక్కిన వేలు తియ్యకముందే ఫోన్ మోగింది. 'ఆమోదించబడింది. మీ ట్యాంకర్ బయల్దేరింది.' లాండ్రీ అక్క బకెట్ మీంచి లేచింది. గంట తిరక్కుండా డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, వాడొద్దు వీధిలో ఉన్నాను. మీరెక్కడ?"

"నేను గడియారం సందులో ఉన్నాను నాయనా. ఇటు తీసుకురా."

"కుదరదమ్మా. వాల్వుకి కొత్త తాళం పెట్టారు. నా ఫోన్ చెప్పిన చోటుకి చేరితేనే తాళం నంబర్ వస్తుంది. పది అడుగులు అటు జరిగితే మళ్ళీ పడిపోతుంది. ఇక్కడ గేటు దగ్గర ఒక పెద్దావిడ నా లైసెన్స్ అడుగుతున్నారు. త్వరగా రండి."

పెద్దావిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. రిటైరైంది బడి నుంచి మాత్రమే. లాండ్రీ అక్క ఆటోలో దుప్పట్ల మూటలేసుకుని వెళ్ళేసరికి డ్రైవర్ గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరు నువ్వు? ఈ నీళ్ళెవరివి?" అంది హెడ్మిస్ట్రెస్.

"నావే టీచరమ్మగారూ. మీ ఇంటికొచ్చాయి."

"నీ నీళ్ళు మా ఇంటికెందుకొస్తాయి?"

"మీ ఇల్లు వాడొద్దు వీధి అంట కదండీ."

"మా ఇల్లు వాడొద్దని ఎవరన్నారు?"

లోపలి నుంచి ప్రోగ్రామర్ కిటికీ తెర కొంచెం తొలగించి, ట్యాంకర్‌ని చూసి, తెర మళ్ళీ వేసేశాడు. వేసే తీరు చూసి అత్తగారికి సగం అర్థమైంది.

"అల్లుడుగారూ, ఒకసారి బయటికి రండి. సిగ్గుపడకండి, పరాయివాళ్ళెవరూ లేరు. ట్యాంకరే."

డ్రైవర్‌కి ఇంకో చోట పని ఉంది. నీళ్ళు అక్కడే వదలాలి, వదిలినట్టు ఫోటో తియ్యాలి. లాండ్రీ అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆసుపత్రి దుప్పట్లమ్మా. రోగులు వట్టి పరుపుల మీద ఉన్నారు. మీ పెరట్లో ఒక్క పూట ఉతుక్కోనివ్వండి. మీ కర్టెన్లన్నీ ఉతికి ఇస్తాను, డబ్బులొద్దు."

"ఇది ఇల్లనుకున్నావా, రేవనుకున్నావా?" అంది హెడ్మిస్ట్రెస్. తర్వాత కర్టెన్ల వైపు చూసింది. "ముందు గదివి కూడా ఉతుకుతావా?"

అలా హెడ్ నర్సు గడువులోగా దుప్పట్లు తెల్లగా ఆసుపత్రి చేరాయి. మర్నాడు మళ్ళీ మూటలు, మళ్ళీ ట్యాంకర్. ఆ తర్వాత లాండ్రీ అక్క పక్కింటి ఆవిడకు ఒక్కదానికే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని, వాడొద్దు వీధి సంగతి చెప్పింది. మర్నాటికి ఊరంతటికీ ఎవరికీ చెప్పొద్దని తెలిసింది.

డ్రమ్ములు వచ్చాయి. బిందెలు, టబ్బులు, పాత ఫ్రిజ్ డొక్కులు వచ్చాయి. ఏ వీధివాళ్ళు ఫిర్యాదు చేసినా పరిశీలనలో ఉంటోంది, వాడొద్దు వీధి నుంచి చేస్తే బయల్దేరుతోంది. దాంతో ఊళ్ళో సగం మంది పేజీలో కాపురం మార్చేశారు. హెడ్మిస్ట్రెస్ మొదటి రోజు గేటుకి తాళం వేసింది. రెండో రోజు తాళం తీసి వరస పెట్టింది. పొట్టి పాత్రలు ముందు, పొడుగు పాత్రలు వెనక. గొడవ చేసినవాళ్ళని గోడ వైపు తిప్పి నిలబెట్టింది. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మగాళ్ళు కూడా కిక్కురుమనకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. (వాళ్ళలో కొందరు ఆవిడ పాత విద్యార్థులు. మిగిలినవాళ్ళు కాకపోయినా నిలబడ్డారు.)

ఇంతలో సంస్థలో సమీక్షా సమావేశం జరిగింది. గోడ మీద వీధుల సంతృప్తి పట్టిక. ఊళ్ళోని వీధులన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒక్క వీధి పచ్చగా మెరుస్తోంది. అడిగిందల్లా ఆమోదం, పంపినవన్నీ చేరిక, ఫిర్యాదులు సున్నా, సంతృప్తి నూటికి నూరు.

"ఈ వీధి ఎక్కడయ్యా?" అన్నాడు ఛైర్మన్.

అధికారి ఆ వీధి పేరు వినడం అదే మొదలు. కానీ ఆయన తన నియమం తప్పేవాడు కాడు. "దక్షిణం జోన్‌లో సార్. లిస్టులో ఉంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? మీరు కష్టపడతారు గానీ చెప్పుకోరయ్యా."

ఆ క్షణం నుంచి వాడొద్దు వీధి ఆదర్శ వీధి అయింది. దానికొక పర్యవేక్షకుణ్ణి నియమించారు. ఆయన కొత్త బండి మీద ఊరంతా తిరిగి, వీధి దొరక్క, వీధిలో ఎక్కడా చెత్త కనిపించలేదని నివేదిక ఇచ్చాడు. ట్రాఫిక్ రద్దీ కూడా లేదని చేర్చాడు. మిగిలిన వీధులవాళ్ళు ఆదర్శ వీధిని చూసి బుద్ధి తెచ్చుకోవాలని ఒక ప్రకటన వెలువడింది. ఎక్కడికెళ్ళి చూడాలో ప్రకటనలో లేదు.

ప్రోగ్రామర్‌కి నిద్ర పట్టడం మానేసింది. అతను నేరుగా అధికారి గదికి వెళ్ళి తలుపు మూశాడు.

"సార్, ఆ వీధి లేదు."

"ఏ వీధి?"

"ఆదర్శ వీధి. పేజీ పని చేస్తోందో లేదో చూద్దామని నేనే పెట్టాను. తీసెయ్యడం మర్చిపోయాను."

అధికారి తెర మీద సంతృప్తి పట్టిక తెరిచి చూశాడు. "లేని వీధికి నూటికి నూరు ఎలా వచ్చింది?"

"లేదు కాబట్టే వచ్చింది సార్!"

"చూడు బాబూ, నువ్వు అలిసిపోయావు."

"సార్, దాని పేరులోనే వాడొద్దు అని ఉంది."

"అందుకే కదా అంత శుభ్రంగా ఉంది," అన్నాడు అధికారి. "ఛైర్మన్ గారు శిలాఫలకం చెక్కిస్తున్నారు. నువ్వు తీసేస్తానంటే శిలాఫలకం ఎక్కడ పెట్టమంటావు? ఆదర్శ వీధిని తొలగించే హక్కు నీకు లేదు. నీ దగ్గర నుంచి తొలగించే బటన్ తీయించేస్తున్నాను. ఏవైనా చిన్న చిన్న దిద్దుబాట్లుంటే చేసుకో."

అతను ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. పెరట్లో లాండ్రీ అక్క దుప్పటి ఒక కొస పట్టుకుని పిండుతోంది. రెండో కొస ఇస్త్రీ బావ చేతిలో ఉంది.

"అల్లుడుగారూ, మా ఇంటికి శిలాఫలకం పెడతారట. కొలతలు తీసుకున్నారు. నా మందార చెట్టు కొట్టెయ్యాలట. ఆదివారానికి ఈ వీధైనా నా ఇంట్లోంచి వెళ్ళాలి, లేదా మీరైనా వెళ్ళాలి."

"అత్తయ్యా, తీసేసే బటన్ లాక్కున్నారు."

"అయితే మీ పెట్టె సర్దుకోండి. దానికి బటన్ అక్కర్లేదు."

లాండ్రీ అక్క దుప్పటి పిండడం ఆపింది. "తమ్ముడూ, తియ్యడం కుదరదన్నావు. మరి జరపడం కుదురుతుందా?"

అతను ఆవిడ వైపు తిరిగాడు.

"అంటే?"

"వీధి టీచరమ్మ ఇంట్లో ఉందని నువ్వేగా చెప్పావు దానికి. మా లాండ్రీ ముందు ఉందని చెప్పు. ట్యాంకరేదో మా సందులోకే వస్తుంది. మూటలు మోసే బాధ నాకు తప్పుతుంది, టీచరమ్మకి మేం తప్పుతాం."

"ఒక్క గడి మార్చడమే అక్కా," అన్నాడు ప్రోగ్రామర్. "చిన్న దిద్దుబాటే."

"మరి ఇన్నాళ్ళూ చెయ్యలేదేంరా!" అని ఇస్త్రీ బావ దుప్పటి వదిలేశాడు. అది బురదలో పడింది. మళ్ళీ ఉతికారు.

అతను భోజనాల బల్ల దగ్గర కూర్చుని గడి మార్చాడు. వాడొద్దు వీధి హెడ్మిస్ట్రెస్ ఇంట్లోంచి లేచి, ఊరి మీదుగా వచ్చి, గడియారం సందులో లాండ్రీ గుమ్మం ముందు దిగింది. ఏ శబ్దమూ రాలేదు. మర్నాడు ట్యాంకర్ కూడా అక్కడే దిగింది.

కొన్నాళ్ళు గడియారం సందు స్వర్గంలా ఉంది. డ్రమ్ములన్నీ లాండ్రీ ముందుకు వచ్చాయి. పొడుగూ పొట్టీ వరస ఎవరూ పెట్టకపోయినా అలవాటుగా అలాగే నిలబడ్డాయి. ఆరేసిన దుప్పట్లు సందు పొడుగునా తెరచాపల్లా ఊగాయి. హెడ్ నర్సు వచ్చి ఒక దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంక రెండేళ్ళు నీకే," అని రాతకోతలు పూర్తి చేసి వెళ్ళింది. లాండ్రీ అక్క ఆ కాగితానికి పసుపు పూసి బల్ల పైన గోడకు అంటించింది. ఇస్త్రీ బావ దాన్ని కూడా ఇస్త్రీ చేశాడు.

అయితే జాబితాల అధికారి మొదటి తెర మీద ఒక ఇబ్బంది తలెత్తింది. ఊరి పటంలో రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఒక చుక్క గడియారం సందు. ఇంకో చుక్క ఆదర్శ వీధి. ఒకే చోట రెండు వీధులు ఉండరాదు. రెండింటిలో ఒకటి రెండోదాన్ని ఆక్రమించి ఉండాలి.

ఒక సంఘం వేశారు. సంఘం ఎవరి పక్షమూ వహించలేదు. రెండు వీధుల చరిత్రనూ డేటాబేస్‌లోంచి తీసి పక్కపక్కన పెట్టింది. గడియారం సందు పేరు మీద ఉన్నవన్నీ పరిశీలనలో ఉన్న ఫిర్యాదులే. ఈ మధ్య ఫిర్యాదులు కూడా లేవు, అంటే అక్కడ జనం ఎవరూ ఉంటున్నట్టు లేదు. ఆదర్శ వీధిలోనేమో సగం ఊరు నివసిస్తోంది. ఇంత జనం ఉన్న వీధి మీదకు, జనం లేని సందు వచ్చి కూర్చుందని తేలింది. గడియారం సందును లిస్టులోంచి తీసేశారు. ఆదర్శ వీధి పొడవు వెడల్పులు డేటాబేస్‌లో లేవు కాబట్టి చుక్క ఎంతుందో వీధి అంతే అని నిర్ణయించారు. చుక్క కింద లాండ్రీ ఉంది. లాండ్రీ తలుపుకి 'ఇది ఆక్రమణ' అని నోటీసు అంటించారు.

లాండ్రీ అక్క ఆ నోటీసు పట్టుకుని అధికారి గదికి పరిగెత్తింది.

"సార్, నా లాండ్రీ మా మామగారి కాలం నుంచి అక్కడే ఉంది. ఆ వీధి మొన్న వచ్చింది!"

"ఆక్రమణ అంటే అదేనమ్మా," అన్నాడు అధికారి సానుభూతిగా. "వీధి రాకముందే వచ్చి కూర్చోవడం."

"అది ఉత్తుత్తి వీధి సార్. మేమే జరిపాం దాన్ని. ఆ పిల్లాణ్ణి పిలిచి అడగండి."

"వీధులు జరగవమ్మా. ఇళ్ళయితే జరపచ్చు, కూలగొట్టి." ఆయన నీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. ఆయన చెడ్డవాడు కాడని ముందే చెప్పుకున్నాం. "మీకు అన్యాయం జరిగిందనుకుంటే అభ్యంతరం పెట్టుకోండి. పేజీలో కొత్త లిస్టు పెట్టాం. ఎవరి మాటా వినకుండా తీర్పు చెప్పే సంస్థ కాదు మాది."

ఆవిడ వరండాలో, మేకులు కొట్టిన కిటికీ కింద మెట్టు మీద కూర్చుని ఫోన్ తీసింది. ఇస్త్రీ బావ పక్కన వంగి చూస్తున్నాడు. జోన్ నొక్కింది. వీధుల లిస్టు జారింది. గడియారం సందు ఉండాల్సిన చోట లేదు. పైన ఒక వీధి, కింద ఒక వీధి, రెండూ అంటుకుని ఉన్నాయి.

"మనం లేమయ్యా ఇందులో."

"ఎక్కడో అక్కడ ఉండాలి కదే. లేకపోతే ముందుకెళ్ళనివ్వదు."

"వాడొద్దు వీధి నొక్కనా?"

"నొక్కు. దానికైతే పలుకుతుంది."

ఆవిడ నొక్కింది. అభ్యంతరాల లిస్టు కోసం పేజీ లోపలికెళ్ళి, ఆదర్శ వీధి వాసులకు ఏమేం అభ్యంతరాలున్నాయని డేటాబేస్‌ని అడిగింది. ఆదర్శ వీధి వాసులకు ఉండదగిన అభ్యంతరం ఒక్కటే నమోదై ఉంది. అదొక్కటే వచ్చింది: 'ఆక్రమణపై అభ్యంతరం.'

"ఇదేగా?" అంది లాండ్రీ అక్క.

"ఆక్రమణ అన్నారుగా మనని. దాని మీద అభ్యంతరమేగా మనది. ఇదే."

ఇద్దరూ కలిసి నొక్కారు. ఫోన్ వెంటనే మోగింది.

'మీ అభ్యంతరం ఆమోదించబడింది. మీ వీధిలోని ఆక్రమణను మీరు కోరినట్టే తొలగిస్తాము. యంత్రం బయల్దేరింది.'

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ప్రోగ్రామర్‌కి ఫోన్ చేసింది. మాటలు తడబడ్డాయి. అతనికి అర్థమయ్యేసరికి అతనికీ తడబడ్డాయి.

"వెనక్కి తీసుకో తమ్ముడూ. నీకు దండం పెడతాను. నేను అడగలేదని చెప్పు దానికి."

"అక్కా," అన్నాడతను. "ఆ వీధికి వెనక్కి తీసుకునే బటన్ పెట్టలేదక్కా. అన్నీ నేనే అడుక్కుని నేనే ఇచ్చుకునేవాణ్ణి. ఎప్పుడూ అవసరం రాలేదు."

యంత్రం టైముకి వచ్చింది. యంత్రం నడిపేవాడు మంచివాడు. దుప్పట్లు బయట పెట్టుకోనిచ్చాడు, ఇస్త్రీ బల్ల మొయ్యడానికి ఒక చెయ్యి కూడా వేశాడు. గోడకు అంటించిన ఆసుపత్రి కాగితం మాత్రం ఊడి రాలేదు. గోడతో పాటే వెళ్ళింది.

సాయంత్రం జాబితాల అధికారి స్వయంగా వచ్చాడు. అభ్యంతరం పెట్టిన రోజే పరిష్కారమవడం సంస్థ చరిత్రలో అదే మొదటిసారి. ఫిర్యాదుదారు, ఆక్రమణదారు ఇద్దరూ ఇంత సామరస్యంగా సహకరించడం ఆయన ఎక్కడా చూడలేదు. ఫోటో కోసం లాండ్రీ అక్కను ఖాళీ నేల మధ్యలో నిలబెట్టి, చేతిలో ప్రశంసాపత్రం పెట్టాడు.

"ఏదైనా చెప్పాలనుందా అమ్మా?"

ఆవిడ చుట్టూ చూసింది. మూటల మీద కూర్చున్న భర్తను చూసింది. "ఇప్పుడు నేనెక్కడ ఉతకాలి సార్?"

"మంచి ప్రశ్న. లిస్టులో చేర్పిస్తాను," అన్నాడాయన. ఈసారి నిజంగానే రాసుకున్నాడు.

ఆయన వెళ్ళాక ట్యాంకర్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ఇరుకు సందులో లాండ్రీ మెట్లు తగిలి డ్రైవర్ ఇబ్బంది పడేవాడు. ఆ రోజు ఏ అడ్డూ లేకుండా నేరుగా చుక్క మీదికి వచ్చి, నీళ్ళన్నీ నేల మీద వదిలి, వదిలినట్టు ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.